పురుగు లేని అనపకాయలు

పోయిన ఆదివారం హోసూరు మార్కెట్లో ఒకామె గోనె పరిచి అనపకాయలు కుప్ప పోసుకోని కూర్చోనుండాది. మంచుకాలం కదా, కాయల వాసన నాలుగు అంగళ్ళ అవతలికే తగులుతా ఉండాది. నేను కూర్చోని ఏరుకుంటా ఉంటే, ఆమె నా చేతిలో నుంచి ఒక కాయ లాక్కోని పక్కన పారేసింది.

"అది పురుగుదన్నా. ఉండు, మంచివి ఏసిస్తాను."

"పారేయొద్దమ్మా, సంచిలో ఏయి. పురుగుండేవే కావాల నాకు" అన్నాను.

ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "పురుగుతో ఏం చేసుకుంటావన్నా?"

"కూర చేసుకోనులే. పురుగు బతికిన కాయ అయితే మనిషీ బతుకుతాడని ధైర్యం, అంతే."

పిచ్చోడు అనుకోనుంటాది. అనుకోనీ. సంచి ఒళ్ళో పెట్టుకోని షేర్ ఆటోలో కూర్చున్నాను. బాగలూరు రోడ్డు ఎక్కినాక ఆ వాసనకు అవ్వ గుర్తొచ్చి కండ్లలో నీళ్ళు తిరిగినాయి. పక్కనుండే ఆయన "దుమ్ము పడిందా అప్పా?" అని అడిగితే అవునన్నాను.

అవ్వ నాకు రక్తసంబంధం కాదు. మా ఇంటి పక్క ఇల్లు ఆమెది, అంతే. మేము ఆ లేఔటులో ఇల్లు బాడుగకు తీసుకునేటప్పటికి ఆమె ఆడ్నే ఉండాది. లేఔటు రాకముందు అదంతా వాళ్ళ మందలు మేసిన బీడంట. మంద పోయింది, బీడు పోయింది, మిగిలింది రెండు మేకలు. కొడుకూ కోడలూ ఫ్యాక్టరీకి పోతారు. ఈమె పొద్దున లేస్తానే ఆ రెండు మేకలకు చిక్కాలు కట్టి చెరువు పక్కకు తోలుకోని పోయేది.

చిక్కం అంటే తెలుసు కదా, తాడుతో అల్లిన చిన్న బుట్ట మాదిరిది, నూర్పిడి ఎద్దు మూతికి కడతారు. మేకకు చిక్కం కట్టిన మనిషిని నేను ఈమెనొక్కదాన్నే చూసినాను. మా వీధిలో ప్రతి ఇంటి ముందరా నాలుగు కూరాకు చెట్లుంటాయి. వీధి దాటినాక విప్పేది, మళ్ళా తిరుక్కోనొచ్చేటప్పుడు వీధి మొదట్లో కట్టేది. ఎండైనా వానైనా ఇదే పని. ఒకసారి నేను నవ్వినాను.

"ఏమవ్వా, మేకలకు మాస్కు ఏసినావు?"

"నవ్వప్పా, నవ్వు. నా చిన్నప్పుడు మా అమ్మ మేక ఒకటి ఇంకొకరి ఉలవచేన్లో దూరింది. మా నాయన్ను ఊరి నడుమ నిలబెట్టి అడిగినారు. ఆయన తల వంచుకోని నిలబడింది ఇప్పటికీ నా కండ్ల ముందర ఉండాది. మేక నోరు మన చేతిలో లేదు, సరే. మేక మనదే కదా. ఆ పొద్దునుంచి నా మేక ఇంకొకరి ఆకు ముట్టింది లేదు."

ఈ మాట చెప్పేటప్పుడు ఆమె నడుము నిటారుగా అయ్యేది. ఆమెకుండే గర్వం అంతా ఆ ఒక్క మాటలోనే ఉండాది.

ఇంగ నా గర్వం సంగతి చెప్తాను. నేను వ్యవసాయంలో డిప్లమా చదివినోణ్ణి. బాగలూరు పక్క ఒక గులాబీ తోటలో స్ప్రే సూపర్‌వైజర్‌ని. ప్లాస్టిక్ కప్పిన పాలీహౌసుల్లో ఏ పూచికి, అదే పురుగుకు, ఏ మందు, ఎంత, ఎప్పుడు, అంతా నా కనుసన్నల్లో జరగాల. మందు కొట్టినాక తలుపుకు ఎర్రగుడ్డ కట్టి ఒక దినం దాకా మనిషిని లోపలికి పోనీయము. ఆ గుడ్డ కట్టేది నేనే. అట్లాంటోణ్ణి ఇంటి వెనకాల పది టమాటా చెట్లు పెట్టి, పురుగుల చేతిలో ఓడిపోయి కూర్చున్నాను.

మొదటి దినం అవ్వ గోడ మీదనుంచి తొంగి చూసి, "ఏమప్పా, మందు సారూ! నీ చెట్లకు నువ్వంటే భయం లేనట్లుండాదే?" అనింది. ఆపొద్దునుంచి నేను మందు సారునైపోయినాను.

అవ్వ తోట మా తోటంత కూడా ఉండదు. అయినా పొద్దున్నే ఆమె ఆడ తిరిగేది చూడాల. కట్టెలపొయ్యి బూడిదను పాత చీర గుడ్డలో మూట కట్టి, మంచు ఆరకముందే వంకాయ చెట్ల మీద పట్టుకోని వేలితో తట్టేది. బూడిద సన్నంగా రాలి తడి ఆకుకు అంటుకునేది. తట్టేటప్పుడు మాట్లాడేది కూడా, చెట్టుతో కాదు, పురుగుతో. "నీ ఇస్తరి ఆ మూల ఏసుండాను కదా, ఈడికెందుకొచ్చినావు? సిగ్గుండల్లా?" అని. ఆ మూలలో నాలుగు ఆముదం చెట్లు పెట్టుండాది. ఆకుపురుగు తల్లికి ఆముదం ఆకంటే ప్రాణమంట, గుడ్లు ముందు ఆడ పెడతాదంట. అవ్వ దినామూ ఆకులు తిరగేసి, గుడ్లుండే ఆకు ఒకటి కనపడితే తుంచి మన్నులో పూడ్చేది. కొన్ని వదిలేసేది.

"అవెందుకు వదిలేస్తావవ్వా?"

"అన్నీ చంపేస్తే వాడేమి తింటాడు?" అని కర్ర వైపు చూపించేది.

తోట నడుమ అడ్డకొయ్య కట్టిన కర్ర ఒకటి నాటుండాది. దాని మీద పసులపోలిగాడు కూర్చునేవాడు. నల్లటి పిట్ట, తోక చీలుంటాది, పశువుల వెనకాలే తిరిగి పురుగులు ఏరుకుంటాది. మేకలు ఇంటికొచ్చే యాలకు వాడూ వచ్చేవాడు. "నా మంద పోయినా వీడు పోలేదు చూడు" అనేది అవ్వ. పిట్ట కర్ర మీద లేకపోతే ఆమెకు పని జరిగేది కాదు. మెడ తిప్పి తిప్పి ఆకాశం చూసేది.

ఒకసారి మా బెండచెట్టు మీద నల్లగా, ముళ్ళుముళ్ళుగా ఒక పురుగు పాకతా ఉంటే నలిపేయబోయినాను. అవ్వ గోడ మీదనుంచే కర్రతో నా చేతి మీద ఒకటి ఇచ్చింది. ఒట్టు, నొప్పి పుట్టేటట్ల కొట్టింది.

"అది చుక్కల పురుగు బిడ్డరా! ఆకుల మీది పేనును తినేది అదే. డిప్లమాలో బొమ్మ చూపించలేదా నీకు?"

చూపించినారు. నేను మర్చిపోయినాను. చెప్తే నగుబాటు అని "వదిలేద్దామనే చూస్తా ఉన్నానవ్వా" అన్నాను. "ఊ, నమ్మినాను" అనింది.

పురుగును చూస్తానే మందు కోసం పరిగెత్తేవోళ్ళంటే ఆమెకు గిట్టదు. "చుట్టమొచ్చినాడని పోలీసుల్ని పిలిచినట్ల" అనేది. నేను వాదించేవాణ్ణి. పూలతోట సంగతి వేరవ్వా, ఒక్క ఆకు మీద మచ్చ ఉన్నా పెట్టె తిరిగొచ్చేస్తాది అని. "అది వ్యాపారమప్పా, చేసుకో. ఇది కూడు" అనేది. అంతటితో వాదం అయిపోయేది.

మా ఇంటామె కూడా ముందర ఆ పూలతోటలోనే ప్యాకింగులో పని చేసింది. మొదటి కాన్పు నాలుగో నెలలో పోయింది. డాక్టరమ్మ, "ఇదీ కారణమని చెప్పలేమమ్మా, కొన్నిసార్లు ఇట్ల అయితాది" అనింది. మా ఇంటామె మాత్రం ఆ మందు వాసనే అని మనసులో గట్టిగా పెట్టుకునింది. పని మానేసింది. నేను మాస్కులుంటాయి, గ్లౌజులుంటాయి అని నచ్చజెప్పబోతే లేచి పోయేది. ఇంట్లో ఆ మాటే ఎత్తేది మానేసినాము.

రెండేండ్లకు మళ్ళా నిలిచింది. ఆ ఏడు ఆమే తన చేత్తో ఇంటి వెనకాల మూడు సాళ్ళు అనపగింజలు ఏసింది. పూత బాగా వచ్చింది, కాయ పట్టింది. ఏడో నెల. ఇంగ ఆమె నోట్లో ఒకటే మాట, పితికిపప్పు. అనపగింజలు నానబెట్టి, తోలు పితికి తీసి, ఆ పప్పుతో చేసే పులుసు రాగిసంగటికి ఎట్లుంటాదో మా పక్క వాళ్ళకు చెప్పే పని లేదు.

కానీ మొదటి కోతలోనే పురుగు. కాయ ఒలిస్తే పచ్చగా, లావుగా బయటికొచ్చింది. మామూలుగా అయితే విదిలించేసి ఒలుచుకోని పోయేదే. కడుపుతో ఉండేది కదా, చూస్తానే వాంతి చేసుకునింది. రెండో దినమూ అంతే. గంప పక్కకు తోసేసి ఏడ్చింది. నోటికి ఏదీ సయించని మనిషి అడిగిన ఒక్క కూరా చేతికి అందకుండా పోతా ఉండాది.

"రెండు వారాలు ఓపిక పట్టప్పా" అనింది అవ్వ. "చలి ముదిరితే పురుగు తగ్గుతాది. అంతదాకా నేను ఏరి ఒలిచిస్తాను."

నాకు రోషం పొడుచుకోనొచ్చింది. ఎన్ని పాలీహౌసులు కాపాడేవోణ్ణి, మూడు సాళ్ళు కాపాడుకోలేనా? "ఒక్క పురుగు లేకుండా నీకు పితికిపప్పు తినిపిస్తాను చూడు" అని మా ఇంటామెతో పందెం కాసినట్ల చెప్పినాను.

ఆమె వారం దినాలు కుందారపల్లికి, పుట్టింటికి పోయింది. ఆ శనివారం నేను గులాబీలకు కొట్టే మందు కొంచెం నీళ్ళ బాటిల్లో పోసుకోని, అన్నం క్యారియర్ పక్కనే పెట్టుకోని ఇంటికి తెచ్చినాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. గులాబీకి కొట్టేదాన్ని కూరాకు మీద కొట్టకూడదని నాకు తెలీకనా? దినామూ పదిమందికి చెప్పేది నేనే. కొంచెమే కదా, అని అనుకున్నాను. ఆదివారం సాయంత్రం అవ్వ చుట్టాల పెండ్లికి పోయుంటే, మూడు సాళ్ళకూ మందు కొట్టినాను. మా తోట వాకిలికి ఎర్రగుడ్డ మాత్రం కట్టలేదు.

మూడు దినాల్లో పురుగు మాయం. మీసం దువ్వుకున్నాను.

గురువారం మా ఇంటామె వచ్చింది. వస్తానే గంప నిండా కాయలు కోసి, అవ్వను పిలిచి, ఇద్దరూ వెనక వసారాలో కూర్చోని ఒలుస్తా ఉండారు. నాకు ఆ దినం లీవు. నేను ఫోన్ చూసుకుంటా, ఎప్పుడు మెచ్చుకుంటారా అని చెవులు ఆడ్నే పెట్టుకోనుండాను.

అవ్వ ఒలిచేది చూస్తే చేతులు కనపడవు, అంత బిరబిరా ఒలుస్తాది. గంప సగమైనాక ఆ చేతులు నిలిచిపోయినాయి.

"పాపా, నీకు పురుగు దొరికిందా?"

"లేదవ్వా! ఒక్కటీ లేదు. ఈసారి ఎంత బాగుండాయో చూడు" అనింది మా ఇంటామె, మొహం వెలిగిపోతా.

"నాకూ దొరకలేదు" అనింది అవ్వ. ఇంకొక కాయ ఒలిచింది. ఇంకొకటి. ఒక గింజను ముక్కు కాడ పెట్టుకునింది. తలెత్తి నా పక్క చూసింది. నేను ఫోన్లోకి తల దూర్చినాను.

అవ్వ లేచి తోటలోకి పోయింది. సాళ్ళ నడుమ వంగి వంగి నడిచింది. కర్ర పక్క చూసింది. పిట్ట లేదు. అప్పుడు నాకూ గుర్తొచ్చింది, సోమవారం నుంచి లేదు. కొంచెం సేపటికి "మందు సారూ, ఇట్ల రాప్పా" అని పిలిచింది. పోయినాను. కొంగు ముడి విప్పి చూపించింది. పది పన్నెండు తేనెటీగలు, నాలుగు చుక్కల పురుగులు, అన్నీ కాళ్ళు ముడుచుకోని చచ్చుండాయి.

"ఏమి కొట్టినావు?"

"కొంచెమే అవ్వా, మూత కొలత..."

"ఎంత అని అడగలేదు. ఏమి అని అడిగినాను."

చెప్పినాను. 

"గులాబీ పువ్వును ఎవురైనా తింటారా?"

తల కొట్టేసినట్లయింది. 

"పాప తినిందా?" అవ్వ వసారా పక్క చూసింది.

"లేదు. నానబెట్టి రేపు వండల్లని..."

అవ్వ ఆ మన్నులోనే కూలబడింది. కొంగుతో మొహం తుడుచుకునింది. "కంచే చేను మేస్తే ఎట్లప్పా?" అనింది మెల్లగా. తిట్టలేదు. తిట్టుంటే బాగుండు.

నేను పోయి మా ఇంటామెతో చెప్పేస్తాను అన్నాను. అవ్వ నా చేయి పట్టుకునింది.

"ఇప్పుడు చెప్తావా? ఒకసారి పోగొట్టుకున్న మనిషి. గంపెడు కాయలు ముట్టుకునింది, ఒలిచింది. ఇంగ కాన్పు అయ్యేదాకా ఆ బిడ్డ కంటికి నిద్ర ఉంటాదా? దినామూ కడుపు తడుముకోని చస్తాది. వద్దు. కాన్పు కానీ. అప్పుడు చెప్పుకో, తన్నులు తిను."

"మరి కాయలు? చెట్లు?"

"రేపు ఆస్పత్రి దినం కదా. పిలుచుకోని పో. నేను చూసుకుంటాను."

లోపలికి పోయి నవ్వు మొహం పెట్టుకోని, "పాపా, ఇవి లేతవి, పితికితే చిదిగిపోతాయి. మా కోడలు పోపు పెట్టుకుంటాది, నాకియ్యి" అని గంప ఎత్తుకునింది. "జిగురు పోదు, చేతులు రెండుసార్లు సోపేసి కడుక్కో" అని నిలబడి కడిగించింది.

మరుసటి దినం మేము ఆస్పత్రి నుంచి వచ్చేటప్పటికి మధ్యాహ్నం అయింది. మూడు సాళ్ళలో ఒక్క చెట్టు లేదు. తెగిన మొదళ్ళు, రాలిన రెండు మూడు ఆకులు, సాళ్ళ పొడుగునా మేక పెంటికలు. అవ్వ గోడ కాడ నిలబడుండాది. తెగిన తాడు ఒకటి చేతిలో పట్టుకోనుండాది.

"తప్పైపోయింది పాపా. తాడు తెగింది. మేకలు దూరినాయి."

మా ఇంటామెకు కోపం వస్తే ముందూ వెనకా చూడదు. ఆ దినం కడుపులో ఆకలి కూడా తోడైంది. "ఊరంతా చిక్కాలు కట్టి తిప్పేది నాటకమా అవ్వా? కడుపుతో ఉండేదాని నోటికాడి కూడు నీ మేకలకు మేపినావు కదా! నీ మేక ఇంకొకరి ఆకు ముట్టదని ఎన్నిసార్లు చెప్పినావు? ఇదేనా నీ పెంపకం?" అని అరిచింది. పక్కిండ్ల వాళ్ళు బయటికొచ్చినారు. అవ్వ తల వంచుకునింది. ఆమె నాయన ఊరి నడుమ ఎట్ల నిలబడినాడని చెప్పిందో, అట్లనే నిలబడుకునింది.

నేను? నేను ఆస్పత్రి సంచి పట్టుకోని మాను మాదిరి నిలబడినాను. మగోడంట, సూపర్‌వైజరంట.

సాయంత్రం వాళ్ళింటికి పోయినాను. అవ్వ రెండు అరచేతులకూ పసుపు పూసి గుడ్డ చుట్టుకుంటా ఉండాది. పక్కనే గడ్డపార. ఆ వయసులో ఒక్కతే గుంత తవ్వి, చెట్లూ కాయలూ అన్నీ పూడ్చేసింది.

"యాడ పూడ్చినావవ్వా?"

"ఏ మేకా పోలేని కాడ" అనింది. నేను ఏడ్చేది చూసి, "గమ్మునుండు. రెండు మాటలు చెప్తాను, చేస్తావా? ఆ మన్నులో ఈ ఏడు తినేది ఏదీ పెట్టొద్దు, బంతి పెట్టు. ఇంగొకటి, ఆ పని బట్టలతో ఇంట్లోకి పోవద్దు. బయట కొళాయి కాడే స్నానం చేసి పో" అనింది.

మా వీధికి ఇంగ నవ్వుకునే పని దొరికింది. "అవ్వా, మేకలకు అనపకాయలు రుచి చూపించినావంటనే!" అని టీ అంగడి కాడ ఆటపట్టించేవాళ్ళు. "మేక కదప్పా, దానికేం తెలుసు" అని నవ్వేసి పోయేది. చిక్కాలు కట్టేది మాత్రం మానలేదు. కట్టేటప్పుడల్లా ఎవరో ఒకరు ఒక మాట అనేవాళ్ళు.

మా ఇంటామె పది దినాలు అవ్వతో మాట్లాడలేదు. పదకొండో దినం అవ్వ గిన్నెలో పితికిపప్పు పులుసు తెచ్చి మా గడప మీద పెట్టి, పిలవకుండానే పోయింది. యాడనుంచి తెచ్చిందో ఆ కాయలు, ఎన్ని పురుగులు ఏరి పారేసిందో. మా ఇంటామె గిన్నె పక్క చూసి, "కోపం ఆమె మీద కదా, కూర మీద లేదు" అని రెండు ముద్దల సంగటి ఎక్కువే తినింది. గిన్నె కడిగి తిరిగిచ్చే వంకతో మాటలు కలిపింది. అవ్వ మా గడపలో కూర్చోని, "ఉప్పు సరిపోయిందా పాపా?" అని ఏమీ జరగనట్ల అడిగింది.

కాన్పు సులువుగా అయింది. ఆడబిడ్డ. అవ్వే మూడు నెలలు నీళ్ళు పోసింది. బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకోని, "ఏమే, పితికిపప్పుకు పుట్టినదానా!" అని పిలిచేది. ఆ కాయలు తినుంటే ఏమయ్యేదో నాకు తెలీదు. ఏమీ కాకుండా కూడా ఉండొచ్చు. అది తెలుసుకోవాల్సిన గతి నాకు పట్టనీకుండా చేసింది ఆ మనిషి. బిడ్డ నవ్వినప్పుడల్లా నాకు ఆమె కాళ్ళు మొక్కాలనిపిస్తాది.

కాన్పు అయినాక చెప్పుకోమనింది కదా? చెప్పలేదు. ఈ వారం, ఆ వారం అని మూడేండ్లు తోసినాను. ప్రతి చలికాలమూ మా ఇంటామె నవ్వుతా, "అవ్వా, మేకల్ని కట్టేసుకో, అనప కాయ పట్టింది" అనేది. అవ్వా నవ్వేది. నాకు మాత్రం ముల్లు గుచ్చినట్లుండేది.

పోయిన ఏడాది ఎండాకాలంలో అవ్వ మంచం పట్టింది. ఒక సాయంత్రం ఇంగ ఓర్చుకోలేక మా ఇంటామెతో అంతా చెప్పేసినాను. బాటిల్ నుంచి గడ్డపార దాకా. అరుస్తాదనుకున్నాను. అరవలేదు. "నా నోటితో ఆమెను ఎన్నెన్ని మాటలు అనిపించినావు నువ్వు" అనింది. బిడ్డను చంకనేసుకోని లేచి అవ్వ ఇంటికి పోయింది. నేను వెనకాలే పోయినాను.

మంచం పక్కన కూర్చోని అవ్వ అరచేతులు పట్టుకోని తన మొహానికి అదుముకునింది. "అవ్వా, ఈయన నాకంతా చెప్పినాడు."

"ఏమి చెప్పినాడు?"

"నీ మేకలు దూరలేదంట కదా."

"దూరినాయి" అనింది అవ్వ. ఊపిరి అందకుండానే అనింది. "నా మేకలు నాకు తెలీదా? తాడు తెగింది. వాడు మంచోడు పాపా, నా మేకల మీద మాట రానీకుండా తన మీద ఏసుకుంటా ఉండాడు. నమ్మొద్దు."

మా ఇంటామె ఏడుస్తానే నవ్వింది. అవ్వ ఒప్పుకోలేదు. ఎంత అడిగినా తాడు తెగిందనే చెప్పింది. నన్ను మంచం కాడికి పిలిచి, "బయటే స్నానం చేస్తా ఉండావా?" అనింది.

"చేస్తా ఉండానవ్వా."

"సరి, పో."

నాతో ఆమె ఆడిన కడపటి మాట అదే. వానలు పడకముందే పోయింది.

ఎత్తుకోనిపోయే దినం మా వీధి పెద్దమనిషి ఒకాయన, "బంగారట్లాంటి మనిషి. ఆ ఒక్కసారే కదా మేకలు దూరినాయి" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. నా ఒళ్ళు మండింది. ఆడ్నే, అందరి ముందరా, జరిగింది జరిగినట్ల చెప్పినాను. వాళ్ళు నా భుజం తట్టినారు. "పోయిన మనిషి మీద ప్రేమతో చెప్తా ఉండావులే అప్పా. మేమంతా కండ్లారా చూసినాము కదా, పెంటికలు" అన్నారు. అంత పక్కాగా చేసిపోయింది మహాతల్లి. ఇప్పుడు నేను ఎంత మొత్తుకున్నా నమ్మేవోడు లేడు.

అందుకే రాస్తా ఉండాను.

ఆదివారం తెచ్చిన కాయలు వసారాలో కూర్చోని ముగ్గురమూ ఒలిచినాము. మూడో కాయలోనే పురుగు వచ్చింది, పచ్చగా, లావుగా. మా బిడ్డ "నాయనా, ఉండాది!" అని ఎగిరింది. మా ఇంటామె దాన్ని తొక్క మీద పెట్టుకోని పోయి, అవ్వ మాదిరే మేము మా తోటలో నాటిన కర్ర కాడ పెట్టొచ్చింది. పసులపోలిగాడు ఇప్పుడు మా తోటకే వస్తా ఉండాడు.

ఒక సంగతి మా ఇంటామెకు కూడా చెప్పడం మర్చిపోయినాను. ఆస్పత్రి నుంచి వచ్చిన ఆ మధ్యాహ్నం, ఆమె అరుస్తా ఉంటే నేను తలెత్తలేక అవ్వ వెనకపక్క చూస్తా నిలబడినాను. ఆడ గోడనీడలో రెండు మేకలూ కట్టేసుండాయి. తాళ్ళు తెగలేదు. రెండిటి మూతికీ చిక్కాలుండాయి.